వంపు ఎక్కడ చెడిందో చూడండి

భూమి లోపలి పొరలను తరంగాలతో వెతికే లెక్కల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. పొలాల్లో, సముద్రంలో తీసిన రికార్డు ఒకటి ఉంటుంది. మనం ఊహించిన నమూనా ఇచ్చే రికార్డు మరొకటి. ఆ రెండింటి తేడాను ఒక అంకెగా రాసుకుని, ఆ అంకె తగ్గేలా నమూనాను మార్చుకుంటూ పోవాలి. రిటైరయ్యాక ఇంజనీరింగ్ పిల్లలకు ఇదే చెబుతున్నాను. వాళ్ళు చేసేది ఇప్పుడు మెషీన్ లెర్నింగ్, అయినా ఇరుక్కునే చోటు అదే. "సార్, ఇది నాన్‌కాన్వెక్స్ అండీ" అంటారు. ఆ మాటతో ఆలోచన ఆపేసి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు యాదృచ్ఛిక వెతుకులాటలోకి దిగుతారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. అంత తొందరగా వదిలేయాల్సిన సమస్యలు కావవి.

ప్రమేయం గ్రాఫు మీద ఏ రెండు బిందువులను సరళరేఖతో కలిపినా ఆ రేఖ గ్రాఫు కిందికి దిగకపోతే అది కాన్వెక్స్. అలాంటి చోట ఎక్కడ అడుగు కనబడినా అదే అసలు అడుగు. ఆప్టిమైజేషన్‌లో అసలైన సరిహద్దు సరళ సమస్యలకూ అసరళ సమస్యలకూ మధ్య లేదని, కాన్వెక్స్‌కూ కానిదానికీ మధ్య ఉందని రాకఫెల్లర్ 1993లో రాశాడు. నిజమే. కాకపోతే ఆ సరిహద్దు ఒక గీతలా ఉండదు, వెడల్పైన మేర అది. మన పనిలో ఎదురయ్యే ప్రమేయాలు చాలా మటుకు ఆ మేరలోనే ఉంటాయి. అక్కడ తిరిగి నేర్చుకున్నవి ఇవి.

1. కాన్వెక్స్ కాదని తెలిశాక, ఎంత కాదో అడగండి

ఒక చిన్న ప్రమేయం పట్టుకుందాం. ఎక్స్ వర్గానికి, సైన్ ఎక్స్ వర్గం మూడు రెట్లు కలపండి. దాని రెండో అవకలజం 2 + 6 కాస్ 2ఎక్స్. అంటే వంపు −4 నుంచి 8 దాకా ఊగుతుంది. కొన్నిచోట్ల రుణాత్మకం కాబట్టి కాన్వెక్స్ కాదు. అయితే దానికి 2 ఎక్స్ వర్గం కలిపితే వంపుకు ఎక్కడైనా 4 చేరుతుంది, ఎక్కడా సున్నా కంటే తగ్గదు, ప్రమేయం కాన్వెక్స్ అయిపోతుంది. కాబట్టి ఇది 4 మేరకు చెడిన ప్రమేయం. ఇలా కొంత వర్గం కలిపితే సరిపోయే వాటిని బలహీన కాన్వెక్స్ అంటారు. ఆ 4 అనే అంకె చేతిలో ఉంటే ఎంత పెద్ద అడుగు వేయొచ్చో, ఎంత దన్ను కలపాలో తెలుస్తుంది.

లక్షల చలరాశులున్నప్పుడు రెండో అవకలజాల మాత్రికను రాయడం కుదరదని పిల్లలు అంటారు. రాయనక్కర్లేదు. ఆ మాత్రిక ఒక సదిశను గుణిస్తే వచ్చే ఫలితం చాలు. దాన్ని దాదాపు ఒక ప్రవణత ఖర్చులోనే లెక్కగట్టొచ్చని పెర్ల్‌మటర్ 1994లో చూపించాడు. దానికి లాంచోస్ 1950లో ఇచ్చిన పద్ధతి జోడిస్తే అతి తక్కువ ఐగెన్ విలువ, అది ఉన్న దిశ రెండూ దొరుకుతాయి. నా అనుభవంలో ఆ చెడ్డ దిశలు గుప్పెడే ఉంటాయి, మిగతా దిశలన్నీ చక్కగా పైకే వంగి ఉంటాయి.

ప్రమేయం అన్నిచోట్లా కాన్వెక్సేనా అని తేల్చే సాధనం మాత్రం ఆశించకండి. నాలుగో ఘాతం బహుపదికి కూడా ఆ ప్రశ్న ఎన్‌పీ-హార్డ్ అని అహ్మది, ఓల్షెవ్‌స్కీ, పరీలో, సిట్సిక్లిస్ 2013లో నిరూపించారు. మీరు నడిచే దారి వెంట కొలవండి, అది చాలు.

2. వంపు చెడినా వాలు చెడకపోవచ్చు

1963లో మాస్కోలో పొల్యాక్ ఒక షరతు రాశాడు. ప్రవణత వర్గంలో సగం, కనిష్ఠం కంటే మనం ఎంత ఎత్తులో ఉన్నామో దానికి కనీసం ఒక స్థిర సంఖ్య రెట్లు ఉండాలి. ఇంతే షరతు. అదే ఏడాది పోలండ్ గణితవేత్త వోయాసెవిచ్ ఇంకా విశాలమైన రూపం ఇచ్చాడు. ఇది నెరవేరితే వాలు వెంట వేసే ప్రతి అడుగుకూ ఆ ఎత్తు ఒక స్థిర నిష్పత్తిలో కరుగుతుంది. కాన్వెక్స్ అన్న మాటే ఎత్తనక్కర్లేదు. ఎన్నో ఏళ్ళు దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2016లో కరిమీ, నుటీనీ, ష్మిట్ మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. మన చిన్న ప్రమేయం వాళ్ళ వ్యాసంలోదే.

కాగితం మీద నడిపి చూడండి. ఎక్స్ 3 దగ్గర మొదలుపెట్టి, ప్రతిసారీ వాలులో ఎనిమిదో వంతు అడుగు వెయ్యండి. 3 తర్వాత 2.35, 2.14, 1.95, 1.72, 1.39, 0.92, 0.33, 0.02. తొమ్మిదో అడుగుకు దాదాపు సున్నా, అదే కనిష్ఠం. ఈ నడకలో 2.19 నుంచి 0.96 దాకా వంపు రుణాత్మకమే. చెడ్డ మేర మొత్తం దాటుకునే వచ్చింది. ఆ షరతు ఈ ప్రమేయానికి 32లో ఒక వంతు అనే సంఖ్యతో నెరవేరుతుంది. దాని నుంచి సిద్ధాంతం ఇచ్చే హామీ అడుగుకు 256లో ఒక వంతు తగ్గుదల మాత్రమే, నడక చూస్తే దానికంటే ఎన్నో రెట్లు చురుకు.

ఈ అంకెల్లో నేను పిల్లలకు తప్పకుండా చూపించేది 2.35 నుంచి 1.95 దాకా ఉన్న భాగం. అక్కడ అడుగులు కుంచించుకుపోతాయి. స్క్రీన్ మీద గ్రాఫు చదునుగా కనిపిస్తుంది. "ఆగిపోయింది సార్, లోకల్ మినిమమ్" అని రన్ ఆపేస్తారు. ఆగలేదు. వాలు 1.56 దాకా తగ్గింది కానీ సున్నా కాలేదు, మళ్ళీ 4.7 దాకా పెరుగుతుంది. చదును కనబడగానే ప్రవణత పరిమాణం ఎంతో ప్రింట్ చేసి చూడండి. సున్నా వైపు పోతోందా, ఒక విలువ దగ్గర నిలబడిందా అన్నది ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది.

3. న్యూటన్ పద్ధతిని చెడ్డ వంపుకు అప్పగించకండి

అదే ప్రమేయంలో 1.95 దగ్గర న్యూటన్ అడుగు వేస్తే ఏమవుతుంది? వాలు 1.84, వంపు −2.38. వాలును వంపుతో భాగించి ఆ మేరకు వెనక్కి జరగమంటుంది సూత్రం. వంపు రుణాత్మకం కాబట్టి వెనక్కి పోవాల్సింది ముందుకు పోతుంది, 2.72 దగ్గర తేలుతుంది. ప్రమేయం విలువ 6.4 నుంచి 7.9కి ఎక్కుతుంది. మామూలు వాలు పద్ధతి హాయిగా దాటిన చోట తెలివైన పద్ధతి కొండెక్కింది.

మందు పాతదే. లెవెన్‌బర్గ్ 1944లో, మార్క్వార్ట్ 1963లో చెప్పినట్టు వంపుకు ఒక ధన సంఖ్య కలపాలి. ఇక్కడ 5 కలిపితే వంపు 2.62 అవుతుంది, అడుగు 1.24 దగ్గరికి చేరుస్తుంది. ఎంత కలపాలన్నది ముందే తెలియాల్సిన పని లేదు. నిజంగా వచ్చిన తగ్గుదలను, నమూనా వాగ్దానం చేసిన తగ్గుదలతో భాగించి ఆ నిష్పత్తి చూడండి. నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉంటే కలిపేది తగ్గించండి. చిన్నదైతే పెంచండి, రుణాత్మకమైతే ఆ అడుగే రద్దు చేసి మళ్ళీ వెయ్యండి.

ఇంకో దారి, వంపు మాత్రికలో చెడు చేసే భాగాన్నే వదిలేయడం. కనిష్ఠ వర్గాల లెక్కల్లో గాస్-న్యూటన్ మాత్రిక అదే. దాని ఐగెన్ విలువలు ఎప్పుడూ రుణాత్మకం కావు. గణాంక శాస్త్రంలో ఫిషర్ సమాచార మాత్రికది కూడా అదే గుణం. ఇక్కడ సి.ఆర్. రావు గారిని తలుచుకోకుండా ముందుకు పోలేను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్ళిన ఆయన, 1945లో అక్కడి నుంచి రాసిన వ్యాసంలో ఆ మాత్రికను దూరం కొలిచే సాధనంగా వాడొచ్చని చూపించారు. జపాన్ శాస్త్రవేత్త అమారి 1998లో న్యూరల్ నెట్‌వర్క్‌ల కోసం చెప్పిన సహజ ప్రవణత పద్ధతి ఆ దూరం మీదే నిలబడింది. మా క్లాసులో ఎందరో ఆ పద్ధతిని లైబ్రరీ నుంచి పిలిచి వాడతారు, దాని అడుగున ఉన్న పేరు ఎవరిదో తెలియకుండానే. తెలియాలని నా కోరిక.

4. చలరాశి మార్చి చూడండి

ఇది చవకైన పాఠం, అందుకే ముందు చేయాల్సిన పని. భూమి పొరల్లో తరంగం వేగం కనుక్కోవాలి. ప్రయాణ కాలం అంటే దూరాన్ని వేగంతో భాగించడం, అంటే వేగాన్ని చలరాశిగా పెట్టుకుంటే అసరళ సమస్య. దాన్నే తలకిందులు చేసి, మీటరుకు ఎన్ని సెకన్లు అన్న రాశిని తెలియనిదిగా పెట్టుకోండి. దాన్ని మావాళ్ళు స్లోనెస్ అంటారు. తరంగం వెళ్ళే దారి స్థిరంగా ఉన్నంతవరకు ప్రయాణ కాలం దానికి సరళ ప్రమేయం, తేడాల వర్గాల మొత్తం శుద్ధమైన కాన్వెక్స్. దారి వంగేసరికి మళ్ళీ చిక్కు వస్తుంది. అయినా మిగిలిన చిక్కు చిన్నది, దాని స్వభావం కూడా తెలిసినదే. మొదట చేరే తరంగం కాలం అన్ని దారుల్లోకీ తక్కువైనది, సరళ ప్రమేయాల్లో కనిష్ఠాన్ని తీసుకుంటే వచ్చేది కాన్కేవ్.

ఇంజనీరింగ్ డిజైన్‌లో ధన గుణకాలున్న ఘాతాల మొత్తాలు వస్తుంటాయి. చలరాశుల లాగరిథమ్‌లనే కొత్త చలరాశులుగా పెట్టుకుంటే అవి కాన్వెక్స్ అయిపోతాయి. డఫిన్, పీటర్సన్, జీనర్ 1967లో దీని మీద పుస్తకమే రాశారు. ఆ జీనర్ మన ఎలక్ట్రానిక్స్ పాఠంలోని జీనర్ డయోడ్ జీనరే. రెండు సరళ ప్రమేయాల నిష్పత్తిని తగ్గించాలంటే చార్న్స్, కూపర్ 1962లో ఇచ్చిన మార్పిడి ఉంది. ఇవన్నీ పైకి చెడ్డవిగా కనబడుతూ లోపల మంచివైన ప్రమేయాలు. ఏ అల్గారిథమ్ ఎంచుకోవాలా అని తల బద్దలు కొట్టుకునే ముందు ఒక సాయంత్రం కాగితం మీద లాగరిథమ్‌లతో, విలోమాలతో గడపండి.

5. ముతక రికార్డుతో మొదలుపెట్టండి

నా ఉద్యోగ జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే, కాబట్టి కొంచెం ఓపిగ్గా వినండి.

రికార్డులోని తరంగ రూపం మొత్తాన్ని నమూనాతో సరిపోల్చే పద్ధతిని ఫుల్ వేవ్‌ఫామ్ ఇన్వర్షన్ అంటారు. ఫ్రాన్స్‌లో లాయీ 1983లో, టరంటోలా 1984లో దానికి పునాది వేశారు. అందులో పెద్ద గండం ఒకటుంది. నమూనా ఇచ్చే తరంగం అసలు తరంగం కంటే అర చక్రానికి మించి ముందో వెనకో ఉంటే, అల్గారిథమ్ దాన్ని పక్క శిఖరానికి జత చేసేస్తుంది. తేడా తగ్గినట్టే కనబడుతుంది, భూమి నమూనా మాత్రం తప్పుదారి పడుతుంది. మావాళ్ళు దీన్ని సైకిల్ స్కిప్పింగ్ అంటారు.

లెక్క చూడండి. సెకనుకు 20 కంపనాల తరంగానికి అర చక్రం 0.025 సెకను. మొదటి నమూనాలో కాలం తప్పు అంతకంటే తక్కువ ఉండాలి, అది చాలా కఠినమైన కోరిక. అదే సెకనుకు 5 కంపనాల తరంగానికి అర చక్రం 0.1 సెకను. తప్పుకు నాలుగు రెట్లు చోటు దొరికింది. ఆ చోటులోపల ప్రమేయం దాదాపు కాన్వెక్స్‌గా ప్రవర్తిస్తుంది. కాబట్టి ముందు తక్కువ కంపనాలను మాత్రమే వడపోసి, వాటితో నమూనాను సరిచేసి, ఆ ఫలితం దగ్గర నుంచి కొంచెం ఎక్కువ కంపనాలతో, ఆపైన ఇంకా ఎక్కువతో పోవాలి. బంక్స్, ఆయన సహచరులు 1995లో దీన్ని పద్ధతిగా చూపించారు. చిత్రాల విశ్లేషణలో బ్లేక్, జిస్సర్‌మన్ 1987లోనే ఇదే దారి పట్టారు. కాన్వెక్స్ ప్రమేయంతో మొదలై, మెట్టు మెట్టుగా అసలు ప్రమేయంలోకి జారడం వాళ్ళ పద్ధతి.

తొందర పడకూడని చోటు కూడా ఇదే. ఒక మెట్టులో తేడా ఇంకా పెద్దగా ఉండగానే పై మెట్టుకు పోతే, కిందనుంచి మోసుకొచ్చిన తప్పు పై మెట్టులోని అర చక్రాన్ని దాటేస్తుంది. ప్రతి మెట్టు చివర కాలాల తప్పు ఎంత మిగిలిందో కొలిచి, తర్వాతి అర చక్రంతో పోల్చి చూసి గానీ కదలొద్దు. రెండు మెట్ల మధ్య కంపనాలు ఎంత పెంచాలన్నది కూడా ఆ పోలికే నిర్ణయిస్తుంది.

తక్కువ కంపనాలు రికార్డులో సరిగా పడకపోవడమూ తరచుగా జరిగేదే. అప్పుడు తేడా కొలిచే తీరునే మార్చాలి. ఒక తరంగాన్ని జరిపి రెండోదాని మీదికి తేవడానికి ఎంత శ్రమ పడుతుందో కొలిచే రవాణా దూరాన్ని ఎంగ్‌క్విస్ట్, ఫ్రోయిజ్ 2014లో ప్రతిపాదించారు. దాని వర్గం, జరుగుడు దృష్ట్యా కాన్వెక్స్. ప్రశ్న అడిగే తీరులోనే సగం వంకర తీరిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను.

6. మంచి భాగం, చెడ్డ భాగం విడదీయండి

చాలా ప్రమేయాలను రెండు కాన్వెక్స్ ప్రమేయాల తేడాగా రాయొచ్చు. తీసివేసే భాగాన్ని ఇప్పుడున్న బిందువు దగ్గర స్పర్శరేఖతో మార్చేస్తే మిగిలేది కాన్వెక్స్. దాన్ని సాధించి, కొత్త బిందువు దగ్గర మళ్ళీ అదే చెయ్యాలి. విలువ ఏ అడుగులోనూ పెరగదు. 1980ల్లో వియత్నాం మూలాలున్న ఫామ్ దిన్ తావ్ దీన్ని మొదలుపెట్టాడు, తర్వాత లె థి హోయి ఆన్‌తో కలిసి పెంచాడు.

మన చిన్న ప్రమేయానికి 3 ఎక్స్ వర్గం కలిపి, మళ్ళీ 3 ఎక్స్ వర్గం తీసేసి ఇది చేసి చూడండి. ప్రతి అడుగులో వచ్చేది, అసలు ప్రమేయానికి ఇప్పుడున్న చోటు నుంచి దూరం వర్గం మూడు రెట్లు కలిపిన ప్రమేయం. అంటే మార్టినే 1970లో, రాకఫెల్లర్ 1976లో రాసిన ప్రాక్సిమల్ పద్ధతే. మొదటి పాఠంలో కొలిచిన 4 ఇక్కడ అక్కరకొస్తుంది. దూరం వర్గం కనీసం 2 రెట్లు కలిపితే గానీ ఉప సమస్య కాన్వెక్స్ కాదు, 3 కలిపితే దిలాసాగా ఉంటుంది.

7. సన్నని అలలకు అవకలజంతో జవాబు వెతకొద్దు

కొన్ని ప్రమేయాలు స్వతహాగా కాన్వెక్సే, మన లెక్క వాటిని పాడు చేస్తుంది. లోపల ఒక సమీకరణ సాధించే ప్రోగ్రాం ముందే ఆగిపోతుంది, గ్రిడ్ మారుతుంది, పట్టికలోంచి విలువలు తీస్తాం. విలువ మీద చిన్న చిన్న అలలు పడతాయి. అల ఎత్తు 0.001, పొడవు కూడా 0.001 అనుకోండి. విలువలో అది కంటికి ఆనదు. వాలులో మాత్రం 6.28 దాకా, వంపులో దాదాపు 39,478 దాకా తేడా తెస్తుంది. మొదటి పాఠంలో చెప్పిన కొలత ఇక్కడ పూర్తిగా మోసం చేస్తుంది.

ఇలాంటి చోట దూర దూరంగా ఉన్న బిందువుల విలువలను పోల్చాలి. అల పొడవుకు ఎన్నో రెట్లు ఎడం పెట్టి తేడా తీసుకోండి, లేదా చుట్టూ యాదృచ్ఛికంగా తీసిన విలువల సగటు మీద పని చెయ్యండి. కాన్వెక్స్ షరతును కొద్ది తేడాతో పాటించే ప్రమేయం పక్కనే నిజమైన కాన్వెక్స్ ప్రమేయం ఒకటి ఉంటుందని హయర్స్, ఉలామ్ 1952లోనే నిరూపించారు. దాన్ని కనిష్ఠం దాకా తీసుకెళ్ళే పని 2015లో బెల్లోనీ, లియాంగ్, హరిహరన్ నారాయణన్, రఖ్లిన్ చేశారు. వాళ్ళు చూపించిన ప్రకారం చలరాశులు పెరిగేకొద్దీ ఓర్చుకోగల అల ఎత్తు తగ్గాలి. అంటే చలరాశులు ఎక్కువైతే లోపలి ప్రోగ్రాం ఖచ్చితత్వం కూడా పెంచుకోవాలి. సర్వర్ ఖర్చు మిగుల్చుకుందామని సరిగ్గా అక్కడే కోత పెట్టేవాళ్ళను చూస్తుంటాను.

8. మంచిదనుకునే పరుగెత్తండి, కాపలా పెట్టండి

నెస్టెరోవ్ 1983లో ఇచ్చిన వేగవంతమైన పద్ధతి కాన్వెక్స్ ప్రమేయాల కోసం పుట్టింది. దాదాపు కాన్వెక్స్ అయినవాటి మీద వాడొచ్చా? వాడొచ్చు. 2017లో కార్మన్, డుచి, హిండర్, సిడ్‌ఫర్డ్ రాసిన వ్యాసం నాకు ఎంతో ఇష్టం. నేరం రుజువయ్యేదాకా ప్రమేయాన్ని కాన్వెక్స్‌గానే చూద్దామన్నది దాని పేరులోనే ఉంది. వేగంగా నడుస్తూ, నడిచిన బిందువుల మధ్య కాన్వెక్స్ అసమానత నిలుస్తోందో లేదో చూస్తారు. నిలిచినంతసేపూ వేగం మనదే. తప్పిందంటే, తప్పిన ఆ రెండు బిందువులే రుణ వంపు ఉన్న దిశను పట్టిస్తాయి, ఆ దిశలో జారితే విలువ ఇంకా తగ్గుతుంది. ప్రవణతను పది వేలలో ఒక వంతుకు తేవాలంటే మామూలు పద్ధతికి పది కోట్ల స్థాయిలో అడుగులు పడితే, దీనికి కోటి స్థాయి చాలు, స్థిరాంకాలు, లాగరిథమ్ గుణకాలు పక్కన పెడితే. ప్రమేయం మొదటి, రెండో అవకలజాలు మరీ దురుసుగా మారకూడదన్న షరతు మాత్రం ఉంది.

9. చేరిన చోటు గురించి ఎంత తెలుసో అంతే రాయండి

మిచిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కట్టా గోపాలకృష్ణ మూర్తి, కబాడీ కలిసి 1987లో నిరూపించినదాన్ని ప్రతి విద్యార్థీ చదవాలి. ఒక బిందువు స్థానిక కనిష్ఠం అవునా కాదా అని తేల్చడం కూడా సాధారణంగా ఎన్‌పీ-హార్డ్. మొత్తంలోకి కనిష్ఠమా అన్న పెద్ద ప్రశ్న సంగతి తర్వాత, ఈ చిన్న ప్రశ్నే అంత కష్టం.

అందుకే నా దగ్గరికి వచ్చే రిపోర్టులో నాలుగు అంకెలు అడుగుతాను. ఆగిన చోట ప్రవణత పరిమాణం, అక్కడి అతి తక్కువ ఐగెన్ విలువ, వేర్వేరు చోట్ల నుంచి మొదలుపెట్టిన రన్‌లు ఎంత దగ్గరగా చేరాయి, వడపోతలో ఏ కంపనాల దగ్గర మొదలై ఎక్కడ ఆపారు. ప్రవణత సున్నాకు దగ్గరగా ఉండి ఐగెన్ విలువ స్పష్టంగా రుణాత్మకమైతే అది జీను బిందువు, ఆ దిశలో ఒక అడుగు వేసి మళ్ళీ నడపండి. ఐగెన్ విలువ సున్నా చుట్టూ ఉంటే డేటా ఆ దిశ గురించి ఏమీ చెప్పలేకపోతోందని అర్థం. ఆ సంగతి డ్రిల్లింగ్ చేసేవాళ్ళకు, మందు డోసు నిర్ణయించేవాళ్ళకు, అప్పు ఇచ్చేవాళ్ళకు తెలిసి తీరాలి. రంగు రంగుల పటం కింద ఆ ఒక్క వాక్యం చేర్చమని పిల్లలతో ఇప్పటికీ పట్టుబడుతూనే ఉన్నాను.